ఏక్ మే దో

(సికింద్రాబాద్‌లోని ఒక కాలనీ గ్రంథాలయంలో, నెలవారీ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే బాగుంటుంది, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి.

కార్యదర్శిగారు నన్ను హైదరాబాద్ రుచుల గురించి మాట్లాడమన్నారు. రుచుల గురించి మాట్లాడే అర్హత నాకు లేదండి. నేను 36 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను, అందులో సగం క్యాష్ కౌంటర్‌లోనే గడిచింది. నా వంట అంతంత మాత్రమే. మా ఆయన మూడో వరుసలో కూర్చున్నారు, సాక్ష్యం కావాలంటే అడగండి. (నవ్వులు) అందుకని నాకు తెలిసిన లెక్కల్లోంచే ఒక లెక్క చెప్తాను. ఏక్ మే దో. ఒకటిలో రెండు.

ఇక్కడున్న పెద్దవాళ్ళకి తెలుసు. పిల్లల కోసం చెప్తున్నాను. ఇరానీ హోటల్లో కూర్చుని "ఏక్ మే దో" అంటే, ఒక్క టీని రెండు కప్పుల్లో పోసి తెస్తారు. రెండు కప్పులు, రెండు సాసర్లు. డబ్బులు మాత్రం ఒక్క టీకే.

1980లో నేను సూర్యాపేట దగ్గర మా ఊరినుంచి కోఠీ బ్రాంచికి వచ్చాను. ఉద్యోగంలో చేరిన మూడో రోజో నాలుగో రోజో, మా సీనియర్ అక్క ఒకావిడ "పద, చాయ్ తాగొద్దాం" అని రోడ్డు మలుపులో ఉన్న ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళింది. నాకు గుండె దడ. మా ఊళ్ళో ఆడపిల్ల హోటల్లో కూర్చోవడం అనేదే లేదు. ఆవిడ తిన్నగా లోపలికి నడిచి, ఓ మూల పరదా ఎత్తి, "ఇది ఫ్యామిలీ రూమ్, కూర్చో" అంది. బేరర్ వచ్చాడు. అక్క వేలు చూపించి "ఏక్ మే దో" అంది. అతను అక్కడే నిలబడి కౌంటర్ వైపు గట్టిగా కేకేశాడు: "ఏక్ మే దో, ఫ్యామిలీ!"

నాకు తల తీసేసినట్టయింది. ఉద్యోగాలు చేసేవాళ్ళం, ఇద్దరికి ఒక్క టీయా? దాన్ని ఊరంతా వినేలా అరవాలా? మా ఊళ్ళో అయితే ఒక్క టీ తెప్పించి ఇద్దరికి పోసిందని పదేళ్ళు చెప్పుకుంటారు. ఇక్కడ ఒక్కరూ తల తిప్పలేదు. ఎందుకంటే పక్క టేబుల్ దగ్గర లాయర్ కోటు వేసుకున్నాయన కూడా అదే చెప్పాడు. ఆ రోజు నాకొకటి తెలిసింది. ఈ ఊళ్ళో పంచుకుని తాగడం పేదరికానికి గుర్తు కాదు, పరిచయానికి గుర్తు. తెలియనివాడితో ఎవరైనా ఏక్ మే దో తాగుతారా?

ఈ హోటళ్ళు పెట్టినవాళ్ళు పేరుకు తగ్గట్టు ఇరాన్ వాళ్ళే. యజ్ద్ వైపునుంచి బొంబాయికి, పూణెకి వచ్చి, అక్కడినుంచి కొందరు నిజాం రాజ్యానికి చేరారు. వాళ్ళతో పాటే పాలరాయి పలక వేసిన బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, కౌంటర్ మీద బిస్కెట్లు నింపిన గాజు జాడీలు వచ్చాయి. టీ చేసే పద్ధతి కూడా మన ఇంటి పద్ధతి కాదు. మనం నీళ్ళు, పాలు, పొడి, పంచదార అన్నీ ఒకే గిన్నెలో పడేసి మరిగిస్తాం. వాళ్ళు టీ పొడి, నీళ్ళు ఒక పెద్ద పాత్రలో పోసి, ఆవిరి బయటకు పోకుండా మూత పెట్టి, సన్నటి సెగ మీద చాలాసేపు ఉంచుతారు. దమ్ బిర్యానీలో దమ్ ఏదో, ఇదీ అదే. పాలు ఇంకో గిన్నెలో విడిగా మరిగి మరిగి చిక్కబడతాయి. ఆ రెండూ కలిసేది కప్పులోనే. ముందు డికాక్షన్, పైన పాలు.

ఏక్ మే దో నడిచిందంటే అందుకేనని నా సొంత సిద్ధాంతం. కలిసేది కప్పులో కాబట్టి ఒకటి రెండైనా రుచి చెడదు. పైగా ఆ టీ ఎంత చిక్కగా, ఎంత తియ్యగా ఉంటుందంటే సగం కప్పు చాలు. నిండు కప్పు ఒక్కడే తాగితే మధ్యాహ్నం భోజనం చెయ్యలేడు.

ఇప్పుడు ఆ పరదా సంగతి. నాకు ఆ పరదా మీద ప్రేమ ఉంది, కోపమూ ఉంది. ప్రేమ ఎందుకంటే, మేం నలుగురం ఆడవాళ్ళం ఏడెనిమిదేళ్ళ పాటు దాని వెనకే కూర్చున్నాం. ఒకావిడకి పెళ్ళి కుదిరింది, ఒకావిడకి కుదిరింది తప్పింది, నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చి ఆగిపోయింది. అన్నీ అక్కడే ఏడ్చాం, అక్కడే నవ్వాం. బేరర్లు "బాజీ", అంటే అక్కా, అని పిలిచేవాళ్ళు. మా మాటల మధ్యలో ఎప్పుడూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు, పరదా బయట నిలబడి దగ్గేవాళ్ళు. కోపం ఎందుకంటే, అసలు హోటల్ బయట ఉంది. ఫ్యాన్లు బయట ఉన్నాయి. పేపరు చదివి వాదించుకునే రాజకీయాలన్నీ బయట ఉన్నాయి. మా నవ్వు వాళ్ళకి వినిపించేది, మేం వాళ్ళకి కనిపించేవాళ్ళం కాదు. ఇరానీ హోటల్లో కుల మతాల తేడా లేకుండా అందరూ కూర్చునేవారని వ్యాసాల్లో రాస్తుంటారు. నిజమే. ఆ అందరిలో మేం లేం, అంతే.

మొన్న చలికాలంలో నా మనవరాలు నన్ను చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్‌కి తీసుకెళ్ళింది. అది మరీ పాతదేం కాదు, 1993లో పెట్టారు. పేరు మాత్రం ఎప్పటినుంచో ఉన్నట్టు ఉంటుంది. పక్కనే మక్కా మసీదు, ఎదురుగా చార్మినార్. పొద్దున్నే వెళ్ళాం. లోపలినుంచి ట్రేల మీద ట్రేలు బిస్కెట్లు వస్తున్నాయి, ఇంకా వేడిగా ఉన్నాయి. ఆ పిల్ల రోడ్డు మీదే నిలబడి, సాసర్‌లో టీ పోసుకుని, చార్మినార్ చూస్తూ జుర్రుకుని తాగుతోంది. నేను అలవాటు కొద్దీ పరదా కోసం చుట్టూ చూశాను. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే చూశాను.

టీ గురించి చెప్పి బిస్కెట్ గురించి చెప్పకపోతే ఈ ఊళ్ళో ఉండనివ్వరు. ఉస్మానియా బిస్కెట్‌కి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు. ఉస్మానియా ఆసుపత్రిలో రోగుల కోసం మొదట తయారు చేశారని ఒక కథ ఉంది. నిజాంకి సాయంత్రం టీతో తినడానికి తియ్యగా, ఉప్పగా ఉండేది కావాలంటే చేశారని ఇంకో కథ. బేకరీకో కథ చెప్తారు. నాకు ఆసుపత్రి కథే ఇష్టం, కారణం ఏమీ లేదు. అందులో గొప్పతనమల్లా ఆ ఉప్పే. తీపి నాలుక మీద పడుతుండగా వెనకనుంచి చిన్న ఉప్పు తగులుతుంది. టీ తీపి, బిస్కెట్ తీపి, రెండూ తీపే అయితే ఒకటి తిని ఊరుకుంటాం. ఆ ఉప్పు ఉంది కాబట్టే ఆరు తింటాం.

ముంచడంలో కూడా పనితనం ఉంది. రెండు అంకెలు లెక్కపెట్టి తీసెయ్యాలి. మూడు అన్నారా, బిస్కెట్ కప్పు అడుగున ఉంటుంది, చెంచా అడగాలి. కొత్తగా వచ్చినవాళ్ళని అలాగే గుర్తుపట్టేవాళ్ళం.

కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్‌ది వేరే కులం. దేశ విభజన తర్వాత కరాచీనుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ అనే సింధీ ఆయన 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆ బేకరీ పెట్టారు. వదిలేసి వచ్చిన ఊరి పేరే దుకాణానికి పెట్టుకున్నారు. అందులో ఎర్రగా, పచ్చగా మెరిసే ముక్కలు పళ్ళనుకుంటారు పిల్లలు. అది పంచదార పాకంలో నానబెట్టిన పచ్చి బొప్పాయి. నేనూ నలభై ఏళ్ళు వచ్చేదాకా చెర్రీ అనుకున్నాను. మా ఇంట్లో లెక్క ఏమిటంటే, ఫ్రూట్ బిస్కెట్ సూట్‌కేస్‌లోకి, ఉస్మానియా సాసర్‌లోకి. అమెరికా వెళ్ళేవాళ్ళకి, పెళ్ళిచూపులకి, పై ఆఫీసర్లకి డబ్బాలో ఉన్నది. మనకి మాత్రం కాగితం సంచీలో, తూకం వేసి ఇచ్చేది.

ఇక మన కాలనీ బేకరీ. దీని గురించి ఎవరూ రాయరు. పేరున్నవాటి ముందు ఫొటోలు దిగుతారు కానీ, జీవితంలో ఎక్కువసార్లు నిలబడేది కాలనీ మలుపులో ఉన్న బేకరీ ముందే. సగం బేకరీలకి బోర్డు మీద "బెంగళూరు అయ్యంగార్" అని ఉంటుంది. అయ్యంగార్ పేరు పెట్టుకుని లోపల ఎగ్ పఫ్ అమ్మడం మన ఊరి ప్రత్యేకత. (నవ్వులు) దిల్‌పసంద్, దిల్‌ఖుష్, క్రీమ్ బన్, హనీ కేక్, మైసూర్‌పాక్, మిక్చర్, చివరికి పుట్టినరోజు టోపీలు కూడా అక్కడే.

ఎగ్ పఫ్ ఎలా చేస్తారో ఒకసారి పక్కనే నిలబడి చూశాను. మైదా ముద్ద పరిచి, మధ్యలో మార్జరిన్ పెట్టి, మడిచి, మళ్ళీ అప్పడంలా వత్తి, మళ్ళీ మడిచి, కాసేపు పక్కన పెట్టి, మళ్ళీ మొదలు. పొయ్యిలో పెట్టినప్పుడు ఆ మడతల మధ్య తడి ఆవిరై, పొరని పొరనుంచి పైకి లేపుతుంది. అందుకే కొరగ్గానే చొక్కా అంతా పొట్టు. పఫ్‌ని శుభ్రంగా తిన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఎగ్ పఫ్‌లో ఉండేది అర గుడ్డు. పూర్తి గుడ్డు పెట్టే బేకరీని అనుమానించాలి, ఉల్లిపాయ మసాలా తక్కువేస్తాడు. ఈ అర గుడ్డు మా ఇంట్లో పెద్ద తగాదా. ఇద్దరు పిల్లలు, జీతం రోజు దాటిపోయింది, ఒక్క పఫ్ తెచ్చాను. రెండు ముక్కలు చేస్తే గుడ్డు ఒకడి వాటాకి, ఉల్లిపాయ ఇంకొకడి వాటాకి. ఏడుపులు, పెడబొబ్బలు. చివరికి మా అత్తగారు తీర్పు చెప్పారు. ఒకడు కొయ్యాలి, ఇంకొకడు ముందు తీసుకోవాలి. ఆ రోజునుంచి మా పెద్దవాడు పఫ్‌ని స్కేలు పెట్టి కోసినట్టు కోసేవాడు. ఇప్పుడు వాడు సివిల్ ఇంజినీరు.

బేకరీ అన్నాక కేక్ సంగతి కూడా చెప్పాలి. మా చిన్నవాడి ఐదో పుట్టినరోజు. పైనాపిల్ కేక్, కిలో. మా ఆయన స్కూటర్ నడుపుతున్నారు, వెనక నేను, నా ఒళ్ళో డబ్బా. బేకరీ కుర్రాడు "మేడమ్, తొందర లేదు, మెల్లగా పోండి" అని చెప్పి మరీ పంపాడు. ఈయన మెల్లగానే నడిపారు పాపం. దార్లో మూడు స్పీడ్ బ్రేకర్లు, పైపులు వెయ్యడానికి తవ్వి వదిలేసిన ఒక గుంట. ఇంటికొచ్చి మూత తీస్తే కేక్ అంతా ఓ పక్కకి ఒరిగిపోయి, క్రీము గోడకి అంటుకుని, పేరులో చివరి రెండక్షరాలు లేవు. అతిథులు వచ్చేస్తున్నారు. మా ఆయన ఆ డబ్బా పట్టుకుని తిరిగి నడుచుకుంటూ వెళ్ళారు. ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదు. చాకు తీసుకున్నాడు, క్రీము సర్దాడు, పక్కకి పోయినదాన్ని పువ్వుగా మార్చాడు, పేరు మళ్ళీ రాశాడు. డబ్బులివ్వబోతే "పుట్టినరోజు కదా సార్" అన్నాడట. ఇప్పటికీ మా ఇంట్లో ఏ కేకైనా ఆ బేకరీనుంచే వస్తుంది. ఈ మధ్య రుచి కొంచెం తగ్గింది. అయినా సరే.

ఒక మాట గమనించారా? మన తెలుగులో హోటల్ అంటే పడుకునే చోటు కాదు, తినే చోటు. "హోటల్‌కి పోదాం" అంటే దోశ తినడానికి. అలాగే టిఫిన్ అంటే డబ్బా కాదు, ఇడ్లీ. మా చిన్నప్పుడు హోటల్‌కి పోవడం అంటే ఏదో తప్పు చేసినట్టు. ఇంట్లో వంట చెయ్యలేదా అని అడుగుతారు. మా మామగారు బయట నీళ్ళు కూడా తాగేవారు కాదు. అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్‌కి సాంబార్ ఇడ్లీ కోసం మేం వెళ్తే ఆయన బయట మెట్ల దగ్గర నిలబడేవారు. అలాంటి మనిషి ఒక్క మొజంజాహీ మార్కెట్‌లో మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని ఐస్‌క్రీమ్ తినేవారు. అదేమిటి మామయ్యగారూ అంటే, "పాలకి అంటు లేదమ్మా. పైగా దానికి నిప్పు తగల్లేదు" అనేవారు. సీతాఫలం ఐస్‌క్రీమ్ వచ్చే రోజుల్లో ఆయన శాస్త్రం ఇంకా ఉదారంగా ఉండేది, రెండు కప్పులు తినేవారు. పాలు కాచకుండా ఐస్‌క్రీమ్ చెయ్యరని ఆయనకి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఆ మార్కెట్ 1935లో కట్టింది. మొత్తం రాతి కట్టడం, పైన గడియారం బురుజు. నిజాం రెండో కొడుకు మొజంజా పేరు దానికి. ఈ మధ్య కొన్నేళ్ళ క్రితం బాగు చేశారు, ఇప్పుడు చూడ ముచ్చటగా ఉంది. ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు ఆరుబయట కుర్చీల్లో రాత్రిళ్ళు కుటుంబాలు కుటుంబాలు కూర్చుంటాయి. అక్కడే ఇంకొంచెం ముందుకు, రెడ్ హిల్స్ వైపు వెళ్తే నీలోఫర్ ఆసుపత్రి. మొజంజా భార్య నీలోఫర్, టర్కీ రాజవంశపు అమ్మాయి. ఆవిడ దగ్గర పనిచేసే ఒక ఆడమనిషి కాన్పులో చనిపోతే, ఇంకెవరికీ అలా కాకూడదని ఆ ఆసుపత్రి తలపెట్టారు. ఆసుపత్రి దగ్గర కేఫ్ నీలోఫర్ వచ్చింది, 1978లో. భర్త పేరు మీద ఐస్‌క్రీమ్, భార్య పేరు మీద చాయ్. వాళ్ళిద్దరూ తర్వాత విడిపోయారు, సంతానం కూడా లేదు. వాళ్ళ పేర్లు మాత్రం దగ్గర దగ్గరలోనే ఉండిపోయాయి.

మా చెల్లెలి కాన్పు ఆ ఆసుపత్రిలోనే. రాత్రంతా మా మరిది, మా తమ్ముడు ఆ కేఫ్ ముందు నిలబడ్డారు. వాళ్ళిద్దరికీ అప్పటిదాకా మాటల్లేవు, పెళ్ళిలో ఏదో లాంఛనం దగ్గర తేడా వచ్చింది. పొద్దున ఆడపిల్ల పుట్టిందని చెప్పడానికి నేను కిందికి వెళ్తే, ఇద్దరూ ఒక్క టీ చెరి సగం తాగుతున్నారు. ఎవరు ముందు మాట్లాడారో ఇప్పటికీ చెప్పరు.

బిర్యానీ గురించి ఎక్కువ చెప్పను, మీకు నాకంటే తెలుసు. ఒక్కటే. ఈ ఊళ్ళో "సింగిల్" అంటే ఒక్కరికి అని అర్థం కాదు. సింగిల్ అంటే ఇద్దరికి, ఆకలి లేకపోతే ముగ్గురికి. మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ మళ్ళీ మళ్ళీ అడగొచ్చు. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో వదిలాక బిర్యానీ తినడానికి వెళ్ళిన స్నేహితుల లెక్క ఎప్పుడూ ఒకటే: ముగ్గురు మనుషులు, రెండు సింగిల్స్, ఒక ఎక్స్‌ట్రా రైస్, ఒక గొడవ. రంజాన్ నెలలో హలీమ్ కూడా అంతే. గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికించి, కర్రలతో చితక్కొట్టి చేసేది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. మా ఆఫీసులో మేం అయిదుగురం ఒక ఫ్యామిలీ ప్యాక్ తెప్పించుకునేవాళ్ళం. మాలో ఉపవాసం ఉండే ఆయన ఒక్కరే. మిగతావాళ్ళం కూడా ఇఫ్తార్ సైరన్ మోగేదాకా మూత తియ్యకుండా కూర్చునేవాళ్ళం. ఆయన ముందు తినాలి, అది పద్ధతి.

ఇప్పుడు కొంచెం నిష్ఠూరం. కిందటేడు మా పెళ్ళిరోజుకి పిల్లలు ఒక పెద్ద రెస్టారెంట్‌కి తీసుకెళ్ళారు. పేరెందుకులెండి. టేబుల్ గంటన్నరకే అన్నారు. మెనూ ఫోన్‌లో చూడాలి, మా ఆయన ఫోన్‌లో అది తెరుచుకోదు. నేను సూప్ చెప్పి "ఏక్ మే దో చేసి ఇవ్వు నాయనా" అన్నాను. ఆ అబ్బాయికి అర్థం కాలేదు. వన్ బై టూ అన్నాను. మేనేజర్ వచ్చి, వన్ బై టూ లేదు మేడమ్ అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికొచ్చే దారంతా ఊరు చెడిపోయిందని తిట్టుకుంటూ వచ్చాను.

రాత్రి పడుకున్నాక నిద్ర పట్టలేదు. క్యాషియర్ని కదా, లెక్క వెయ్యడం మొదలుపెట్టాను. 1980లో కోఠీలో మేం నలుగురం. రెండు టీలు, ఏక్ మే దో చొప్పున. అప్పుడప్పుడు నాలుగు ఉస్మానియాలు. లంచ్ గంటలో ముప్పావు గంట కూర్చునేవాళ్ళం. శనివారం పనయ్యాక రెండు గంటలు. ఒక పరదా, ఒక ఫ్యాను, ఒక బల్ల, నాలుగు కుర్చీలు. దానికి మేం కట్టిన అద్దె రెండు టీలు. ఆ హోటల్ మూతపడ్డప్పుడు మేం నలుగురం ఫోన్లు చేసుకుని ఏడ్చాం. ఇప్పుడక్కడ బట్టల షోరూమ్ ఉంది. ఆ స్థలం అద్దె పెరిగిపోయింది, కొడుకులు చదువుకుని వేరే పనుల్లోకి పోయారు, అన్నీ నిజమే. కానీ మూయించినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా? ఏడెనిమిదేళ్ళలో ఒక్కరోజైనా నాలుగు టీలు చెప్పానా?

ఇది ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ ముసలి యజమానికి మా లెక్క తెలియదా? తెలుసు. కౌంటర్‌లో కూర్చుని అన్నీ చూసేవాడు. ఒక్కసారి కూడా లేవమనలేదు. సాయంత్రం రష్‌లో మాత్రం బేరర్ వచ్చి ఖాళీ కప్పులు కొంచెం చప్పుడయ్యేలా తీసేవాడు. అంతవరకే.

మనవరాలు గచ్చిబౌలి వైపు ఒక కేఫ్‌కి వెళ్తుంది. కాఫీ ఖరీదు వింటే నాకు కళ్ళు తిరిగాయి. "ఆ డబ్బుతో ఇంట్లో కాఫీ పొడి నెలంతా వస్తుందే" అన్నాను. అది నవ్వి, "నానమ్మా, కాఫీకి కాదు, కుర్చీకి. లాప్‌టాప్ పెట్టుకుని నాలుగు గంటలు కూర్చుంటాను, ఎవరూ ఏమీ అనరు" అంది. పిల్ల చెప్పింది నిజమే. మేం కుర్చీ ఉచితం అనుకుని టీకి డబ్బిచ్చాం, వీళ్ళు కుర్చీకి డబ్బిచ్చి కాఫీ ఉచితం అనుకుంటున్నారు. వీళ్ళ లెక్కే సరైనదేమో. కాకపోతే వీళ్ళ బల్ల దగ్గర రెండో కుర్చీ చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, దాని మీద బ్యాగు ఉంటుంది.

నేను మాత్రం ఒక అలవాటు మార్చుకున్నాను. ఇప్పుడు పాత ఇరానీ హోటల్‌కి వెళ్తే ఏక్ మే దో చెప్తాను, పంచుకుని తాగుతాం. లేచేముందు ఇంకో రెండు టీలు చెప్పి, అవి కూడా తాగుతాం. సాయంత్రం నాలుగు తర్వాత అంత టీ తాగితే మా ఆయనకి నిద్రపట్టదు. పరవాలేదు, పెన్షనర్లం.

సమయం అయిపోయింది అంటున్నారు. ప్రశ్నలు ఏమైనా ఉంటే... ఆఁ, చెప్పండమ్మా.

(ఒక శ్రోత: మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కలేరు, ఎక్కువసేపు నిలబడలేరు. ఆవిణ్ణి బయటికి తీసుకెళ్ళాలంటే ఎక్కడికి మంచిదంటారు?)

మంచి ప్రశ్న. చార్మినార్ వైపు వద్దు, కారు దూరంగా ఆపి నడవాలి. మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్ళండి. అక్కడ కుర్చీలు బయటే ఉంటాయి, మెట్లతో పని లేదు. షుగర్ ఉందా ఆవిడకి? ఉందా. అయితే ఒక కప్పు తీసుకుని ఇద్దరూ పంచుకోండి, ఎక్కువ భాగం మీరు తినండి. ఆదివారం మాత్రం వద్దు, కుర్చీ దొరకదు. మంగళవారం, బుధవారం, రాత్రి ఎనిమిది లోపల వెళ్ళండి. ఆటోవాడికి ముందే చెప్పండి, గడియారం వైపు గేటు దగ్గర దింపమని.